మరదలికి సరిపడా ఉప్పు

ఫిబ్రవరి 9

డాక్టరు మరదలికి మాత్రలు మార్చాడు. ఉప్పు రోజు మొత్తానికి అర చెంచాకు మించకూడదన్నాడు. గుండె రక్తాన్ని సరిగా నెట్టలేకపోతోందనీ, నీరు ఒంట్లోనే నిలిచిపోతోందనీ బొమ్మ గీసి మరీ చూపించాడు. బొమ్మ అవసరం లేదని, నేను చదువుకున్నదాన్నేనని చెప్పాను. “మంచిది మేడమ్, అయితే మీరే చూసుకోండి,” అన్నాడు.

మరదలు బల్ల అంచున కూర్చుని, వాచిన పాదాలు చిన్నపిల్లలా ఊపుతోంది. “డాక్టరుగారూ, నాకు చెప్తే ఏం లాభం? పళ్ళెంలో ఏది పెడితే అది తినేదాన్ని. మా వదిన చేతికి చెప్పండి,” అంది. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మా ఇంటి మెట్ల మలుపు మలుపునా ఆగింది. ఒకచోట కిటికీలోంచి బస్సు చూడాలంది. ఒకచోట చెప్పు వదులైందంది. నేనూ ఆ మాటలు నమ్మినట్టే ఆగాను.

ఫిబ్రవరి 11

ఉప్పు గురించి నాకు ఒకరు పాఠం చెప్పనవసరం లేదు. రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకుని, ఉప్పు మడుల ఒడ్డున రేకుల కప్పు కింద ఉన్న పరీక్షశాలలో ఉద్యోగం చేసి విరమించినదాన్ని. సముద్రపు నీరు మడిలో చిక్కబడేటప్పుడు ముందు సున్నపు మడ్డి దిగుతుంది, తరువాత ఉప్పు, చివరికి చేదు మిగులుతుంది. ఆ చేదు నీటిని మడిలోంచి ఎప్పుడు వదిలేయాలో చెప్పడమే నా పని. ఆలస్యమైతే ఉప్పంతా చేదెక్కుతుంది. మగవాళ్ళందరూ గట్టు మీద నిలబడి నేను తలూపేవరకు ఎదురుచూసేవారు.

కడగని, మరపట్టని ఆ బూడిదరంగు రాళ్ళ ఉప్పే ఇవాళ్టికీ నా ఇంట్లో ఉన్నది. దాని పనులు దానికున్నాయి. దుంపలు ఉడికే నీళ్ళలోకి పిడికెడు. వంకాయ చక్రాల మీద చల్లి ఉంచితే చేదు నీరు చెమటలా దిగుతుంది. నిమ్మకాయను నాలుగుగా చీల్చి, అడుగు విడిపోకుండా లోపల ఉప్పు కూరి, జాడీలో అదిమి పెడితే తొక్క కూడా తినదగ్గదవుతుంది. చిక్కుడు గింజలకు ముందే ఉప్పు వేస్తే ఉడకవని లోకమంతా అంటుంది. నేను నానబెట్టే నీళ్ళలోనే వేస్తాను, తోలు వెన్నలా అవుతుంది. లోకం ఎప్పుడూ పరీక్ష చేసి చూడదు.

ఇవాళ ఒక్క పలుకు కూడా వేయకుండా వండాను. ఉల్లిపాయలు సన్నటి మంట మీద గోధుమరంగు వచ్చేదాకా వేయించి, టమాటాలు చిక్కగా మరగనిచ్చి, నిమ్మరసం, మిరియాలు వేశాను. తేడా ఎవరికీ తెలియదనుకున్నాను.

మరదలు రెండు ముద్దలు తిని, చాలా మర్యాదగా ఆలోచించింది. పెళ్ళికి ముందు సినిమా హాల్లో టిక్కెట్లు చింపిన మనిషి. ఆ సినిమా పోలికలు ఇప్పటికీ వదలవు.

“సినిమా అంతా బాగుంది వదినా. హీరోయే రాలేదు.”

ఫిబ్రవరి 14

తినడం లేదు. రొట్టె అంచులు విరిచి పళ్ళెం చుట్టూ పేర్చి పెడుతోంది.

ఫిబ్రవరి 20

చెంపలు లోపలికి పోయాయి. పాదాల వాపు మాత్రం తగ్గింది, దానికి డాక్టరు సంతోషించాడు. సగం మనిషి తరిగిపోతే వాపు తగ్గదా?

తమ్ముడు పోయాక మరదలు తన పెట్టెతో నా ఈ రెండు గదుల్లోకి వచ్చింది. నేను ఎవరి గడపా తొక్కలేదు, ఎవరి చేతి వంటా అడగలేదు. నేను వండుతాను, ఆమె తింటుంది, తింటూ మాట్లాడుతుంది. అంతకు మించి మా మధ్య ఒప్పందమేదీ లేదు. ఇప్పుడు ఆమె తినకపోతే ఈ ఇంట్లో నా పనేమిటో నాకు తెలియడం లేదు. ఈ వాక్యం కొట్టివేయాలి.

ఫిబ్రవరి 27

దారి దొరికింది. కూరలో కలిపిన ఉప్పు కూరలోనే పోతుంది, నాలుకకు అందేది కొంతే. వంటలో ఏమీ వేయకుండా, పళ్ళెంలో పెట్టాక పైన రెండు మూడు పలుకులు చల్లితే నాలుక ముందుగా వాటినే కలుసుకుంటుంది. తక్కువ ఉప్పు, ఎక్కువ రుచి. టమాటా చక్రాల మీద అలా చల్లి ఇచ్చాను.

“బాగుందా?”

“బాగుంది వదినా.”

పళ్ళెం ఖాళీ చేసింది. నేను వంటింట్లోంచి బయటికి వచ్చి ఆమె పక్కన కుర్చీలో కూర్చున్నాను. కింద వీధిలో ఎవరో సైకిలు చక్రానికి గాలి కొట్టుకుంటున్నారు. మరదలు ఎప్పటిదో సినిమా కథ మొత్తం చెప్పింది, ఇంటర్వెల్ దగ్గర ఆగి మరీ.

మార్చి 6

డాక్టరు చెప్పిన అర చెంచా మెత్తటి ఉప్పు లెక్కన చెప్పినది. రాళ్ళ ఉప్పులో పలుకుకీ పలుకుకీ మధ్య ఖాళీ ఉంటుంది. అదే చెంచాలో అది తక్కువ తూగుతుంది. కనుక చెంచా కుప్పగా తీసినా హద్దు దాటినట్టు కాదు. ఇది నా కోసం కల్పించుకున్న వాదన కాదు, కొలత. పరీక్షశాలలో రోజూ చేసిన కొలత.

మార్చి 7

ఇవాళ పళ్ళెంలో సగం వదిలేసింది. “ఉప్పు చాలలేదా?” అని అడిగాను.

“మీకెలా అనిపిస్తే అలా వదినా.”

అంటే చాలలేదని. నేరుగా అడగడం ఆమెకు ఎప్పుడూ మొహమాటమే.

మార్చి 15

పలుకులు పంటికి తగులుతున్నాయంది. రోట్లో వేసి మెత్తగా నలిపాను. చెంచా అదే, కుప్పా అదే. బంగాళాదుంపల మీద కొంచెం, సూప్‌లో కొంచెం, ఉడికించిన గుడ్డు మీద కొంచెం.

“ఇప్పుడు?”

“ఇప్పుడు బాగుంది,” అని నా ముఖం చూసింది. “కూర్చోండి వదినా. ఎంతసేపు ఆ పొయ్యి దగ్గరే?”

మార్చి 22

ఎండలు ముదిరాయి. ఎండకు ఎవరి కాళ్ళైనా వాస్తాయి. నావీ కొంచెం వాచినట్టున్నాయి.

బొటనవేలితో నొక్కితే ఆమె కాలి మీద గుంట పడి, చాలాసేపు అలాగే ఉండిపోతోంది. రెండు దిండ్లు చాలడం లేదంటే మూడోది ఇచ్చాను.

మార్చి 23

మేనకోడలు వచ్చింది. తను పనిచేసే కళ్ళద్దాల దుకాణం నుంచి నేరుగా, చేతిలో కళ్ళ మధ్య దూరం కొలిచే స్కేలుతోనే. తల్లి కాళ్ళు చూసింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలోంచి సూప్ చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకుంది. పెట్టుకున్నది పెట్టుకున్నట్టే సింక్‌లో ఉమ్మేసింది.

“అత్తా, ఇది సూపా, సముద్రమా?”

“నీ నోటికి అలవాటు లేదు. మీ ఇంట్లో చప్పిడి తింటారు.”

“నువ్వు రుచి చూశావా?”

“వండేటప్పుడు నేను ఎన్నడూ రుచి చూడను. చేతికి తెలుస్తుంది.”

“చేతికి తెలుస్తుందా? అమ్మ కాళ్ళు చూశావా నువ్వు? చదువుకున్నదానివి. సీసాల్లో కొలిచినదానివి. నువ్వే ఇలా చేస్తే నేనెవరితో చెప్పుకోవాలి?”

“మీ అమ్మ అడిగితే వేశాను.”

మరదలు గదిలోంచి పిలిచింది. “ఏయ్, అత్తయ్యని ఏమనకు. నేనే అడిగాను.” గొంతులో ఆయాసం ఉంది.

నా ఇంట్లో నన్ను నిలదీసే హక్కు ఎవరికీ లేదని మేనకోడలికి చెప్పాను. వాక్యం సరిగానే వచ్చింది. తలుపు కూడా నేనే తీసి పట్టుకున్నాను.

మార్చి 28

మరదలు పడుకోలేక, కూర్చోలేక, కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. పెదాలు నీలంగా ఉన్నాయి. అంబులెన్సు వాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించారు. దిగేటప్పుడు ఈవిడ కుటుంబం ఎవరని అడిగితే నేనే అన్నాను. ఆసుపత్రిలో సంతకం మేనకోడలు వచ్చి పెట్టింది.

మార్చి 29

కొలత తప్పు కాదు.

ఏప్రిల్ 2

కొలత తప్పు. నలిపాక పలుకుల మధ్య ఖాళీ ఉండదు. కుప్ప చెంచా పొడి, ఖాళీ లేని పొడి, పూటపూటకూ. మొదటి ఏడాది చదివే పిల్ల కూడా చెప్పగలదు.

ఆసుపత్రి వరండాలో డాక్టరు మేనకోడలితో మాట్లాడుతుంటే నేను వెనుక నిలబడి విన్నాను. ఒంట్లోంచి నీరు చాలా తీశారట. గుండె ఇంకా బలహీనపడిందట. ఇక మిగిలిన కాలం నిమ్మళంగా గడిచేలా చూసుకోవడమే అన్నాడు. తరువాత మామూలుగా ఒక మాట అడిగాడు: “ఆవిడకి నాలుక మీద రుచి తిరిగి వచ్చిందా? ఆ మాత్రల్లో ఒకటి కొంతమందికి రుచి మొత్తం తీసేస్తుంది. అందుకే మొన్న ఆపేశాం.”

మేనకోడలు నా వైపు తిరిగింది. నేను వరండా చివర ఉన్న నీళ్ళ కుళాయి వైపు చూశాను. ఎవరో దాన్ని సరిగా కట్టేయలేదు.

ఏప్రిల్ 3

ఆమెకు రుచి తెలియకపోవడం అనేది డాక్టరు ఊహ మాత్రమే. బాగుందని ఆమె నాతో స్వయంగా అంది. ఒకసారి కాదు.

ఏప్రిల్ 9

మరదలిని మేనకోడలు తన ఇంటికి తీసుకుపోయింది. మెట్లు లేని ఇల్లు, అది నిజమే. నన్ను కూడా రమ్మంది, ఆహ్వానంలా కాకుండా పని అప్పగించినట్టు. నాకు ఇల్లుందని చెప్పాను.

ఒక మనిషికి వండడం పెద్ద పనేమీ కాదు.

ఏప్రిల్ 10

వండలేదు. రొట్టె ఉంది.

ఏప్రిల్ 16

రొట్టె.

మేనకోడలు ఫోన్ చేసింది. “అత్తా, అమ్మ నోరు తెరవడం లేదు. జావ పెడితే పెదాలు బిగించేస్తోంది. నువ్వు రా. నాకోసం కాదులే, కోపం కోపంగానే ఉంచుకో. రా.”

గొంతులో గద్దింపు లేదు. ఉండి ఉంటే వెళ్ళకుండా ఉండడం సులువయ్యేది.

ఏప్రిల్ 17

వెళ్ళాను. బస్సులో, పెట్టె లేకుండా.

ఆ గదిలో కిటికీ పెద్దది. మరదలి మంచం దాని కిందికి జరిపారు. నన్ను చూసి, “ఇంటర్వెల్ అయిపోయాక వచ్చారు,” అంది. ఆమె మణికట్టు నా రెండు వేళ్ళ మధ్య ఇమిడిపోతుంది ఇప్పుడు.

మేనకోడలు నీళ్ళు పట్టడానికి వెళ్ళినప్పుడు అడిగాను. అడగడానికే వెళ్ళానని అడిగాక తెలిసింది.

“నీకు రుచి ఎప్పటి నుంచి తెలియడం లేదు?”

కిటికీ వైపు తిరిగింది. “మాత్రలు మార్చిన కొన్నాళ్ళకే. నోట్లో దూది పెట్టుకున్నట్టుండేది వదినా. తీపీ లేదు, పులుపూ లేదు.”

“మరి బాగుందని ఎందుకన్నావు?”

“మీరు అడిగారు కదా.”

“నిజం చెప్పవచ్చు కదా.”

“చెప్తే ఏం చేస్తారు? మళ్ళీ వంటింట్లోకి వెళ్తారు. ఇంకోటి వండుతారు. సాయంత్రం దాకా బయటికి రారు.” ఊపిరి కోసం ఆగింది. “బాగుందంటే వచ్చి పక్కన కూర్చునేవారు. మీరు కూర్చోవడం ఎంత కష్టమో మీకు తెలియదు.”

వాక్యాలు కట్టడం వచ్చినదాన్ని. దుప్పటి అంచు సర్దాను. అది సరిగానే ఉంది.

ఏప్రిల్ 18

ఉండిపోయాను. మేనకోడలు అడగలేదు, నేను చెప్పలేదు. హాల్లో సోఫా మీద దిండు ఒకటి కనిపించింది.

ఏప్రిల్ 21

జావ చెంచా పెదాల దగ్గర పెడితే మరదలు తల తిప్పేసుకుంది. మేనకోడలు కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళింది. గిన్నె నా చేతిలో మిగిలింది.

“వదినా, మీరైతే ఇప్పుడు ఏం వండేవారు?”

“ఇప్పుడా? ఏమీ లేదు.”

“చెప్పండి. వినడానికి ఉప్పుతో పనేముంది? డాక్టరు కూడా ఏమీ అనలేడు.”

వంట గురించి మాట్లాడడం నాకు ఎన్నడూ నచ్చలేదు. చేసేవారు చేస్తారు, చేతకానివారు చెబుతారు అనుకునేదాన్ని. అయినా చెప్పాను. పెద్ద చేప ఒకటి, తలతో సహా. పొలుసు తీయకూడదు.

“పొలుసుతోనా?”

“పొలుసు ఉంటేనే ఉప్పు మాంసంలోకి దిగదు. తెరువు నోరు.” తెరిచింది. చెంచా లోపలికి వెళ్ళింది. “రాళ్ళ ఉప్పును గుడ్డులోని తెల్లసొనతో తడిపి, తడి ఇసుకలా చేయాలి. పళ్ళెంలో పరుపులా పరిచి, చేపను పడుకోబెట్టి, పైన మళ్ళీ ఉప్పు. ఎక్కడా కనిపించకూడదు.”

“ఎంత ఉప్పు?”

“చేప బరువు కన్నా ఎక్కువే.”

“ఈ మాట ఆ డాక్టరుతో నా ముందే చెప్పండి. ఆయన ముఖం చూడాలి నేను.” నవ్వుతుంటే దగ్గు వచ్చింది. వీపు నిమిరాను. మళ్ళీ నోరు తెరిచింది, అడగకుండానే.

ఓవెన్‌లో ఉప్పు గట్టిపడి పెంకులా మారడం చెప్పాను. చెంచా వెనుకతో కొడితే పగిలే చప్పుడు చెప్పాను. తోలు పెంకుతో పాటు ఊడివచ్చి, లోపల తన నీటిలోనే ఉడికిన తెల్లటి మాంసం, ఏ మాత్రం ఉప్పగా లేకుండా, ఆవిరి కక్కుతూ ఉంటుందని చెప్పాను. గిన్నె అడుగు కనిపించింది.

గుమ్మంలో మేనకోడలు నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు.

ఏప్రిల్ 27

ఇవాళ్టి కథ వంకాయ చక్రాలు. నిన్న నిమ్మకాయలు. నిమ్మకాయలు మగ్గేదాకా ఆగలేనంది, కనుక కథలో నెలను ఒక్క వాక్యంలో దాటించాను.

“మీరు బాగా చెప్తున్నారు వదినా. మా హాల్లో ఆడితే వంద రోజులు ఆడేది.”

పొద్దున్నుంచి ఈ కుర్చీలోనే ఉన్నాను. ఇంత సేపు ఎక్కడైనా కూర్చోవడం నాకు గుర్తు లేదు.

మే 1

జావ మూడు చెంచాలకు తగ్గింది. కథ మాత్రం పూర్తిగా వింటుంది. మధ్యలో ఆపితే వేలితో నా మోకాలు తడుతుంది.

మే 4

ఇవాళ చిక్కుడు గింజలు చెబుతున్నాను. నానడం అయింది, ఉడకడం అయింది, పైన నూనె కూడా అయింది. చివర పలుకులు చల్లే చోటికి వచ్చాను. మరదలు కళ్ళు మూసుకునే ఉంది. దుప్పటి కింది నుంచి చేయి బయటికి తీసింది.

“ఉప్పు నేను వేస్తాను.”

తమ్ముడి పెళ్ళి అయిన నాటి నుంచీ ఆమె నా వంటలో ఉప్పు వేయలేదు. నేను వేయనివ్వలేదు.

అరచేయి చాచి ఆమె వేళ్ళ కిందికి పెట్టాను. ఖాళీ అరచేయి. అందులోంచి బొటనవేలు, చూపుడువేలు కలిపి ఏమీ లేనిదాన్ని జాగ్రత్తగా పట్టుకుంది. దుప్పటి మీద, గిన్నె ఉండవలసిన చోట, వేళ్ళు నలిపి విదిలించింది. మళ్ళీ నా చేతిలోంచి తీసుకుంది. మళ్ళీ విదిలించింది.

“చాలు, చాలు,” అన్నాను, అలవాటు కొద్దీ.

“మీకేం తెలుసు, ఊరుకోండి,” అంది. ఇంకొంచెం తీసుకుంది.

మే 6

పొద్దున పోయింది. పక్కనే ఉన్నాను. కూర్చునే ఉన్నాను.

మే 17

నా ఇంటికి తిరిగి వచ్చాను. మేనకోడలు బస్సు దాకా వచ్చింది. ఆదివారం వస్తానంది. రావద్దని అనలేదు.

మెట్ల మలుపులో ఆగాను. ఆయాసం ఏమీ లేదు.

దుంపలు ఉడకబెట్టాను. ఉడికాయి. ఉప్పు చెంచా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఎంత వేయాలో చేతికి తెలియలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి వెనక్కి తిరిగి, ఎంత వేయమంటావని గది వైపు అడిగాను. పైకే అడిగాను, గొంతు బాగా పెద్దదిగా వినిపించింది.

చెంచాను జాడీలో పెట్టేశాను. దుంపలు పళ్ళెంలో తీసుకుని, వంటింట్లో నిలబడి తినకుండా, కిటికీ దగ్గర రెండో కుర్చీ నాకెదురుగా ఉండేలా కూర్చున్నాను. చప్పగా ఉన్నాయి. అన్నీ తిన్నాను.